కారుకు ‘ఇన్’, బస్సుకు ‘ఆన్’ ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. ఇంగ్లీషు హోంవర్కులో ‘మై ఫాదర్ ఈజ్ ఇన్ ద బస్’ అని రాస్తే టీచరు ‘ఇన్’ కొట్టేసి ‘ఆన్’ అని దిద్దారు. దాని కిందనే ‘మై మదర్ ఈజ్ ఇన్ ద కార్’ అని రాసిన వాక్యానికి మాత్రం ఒప్పు పెట్టారు. ‘రెండింటిలోనూ లోపలే కదా అమ్మా కూర్చునేది?’ అని వాడు అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను. ఆఫీసులో నేను ‘ఐ విల్ కమ్ బై మై కార్’ అని మెయిల్ రాస్తే అది కూడా తప్పన్నారు. పడవ, ఓడ, విమానం, ఆటో, చివరికి లిఫ్టు... వీటన్నిటికీ ఒక పద్ధతి ఉందా, లేక బట్టీ పట్టవలసిందేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీ అబ్బాయికి ముందు మన భాషలోంచే జవాబు చెప్పవచ్చు. ‘ఎలా వచ్చారు?’ అని అడిగితే ‘రైలు మీద వచ్చాం’, ‘బస్సు మీద వచ్చాం’ అంటాం. పెద్దవాళ్ల నోట ఈ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అది విని, వీళ్లు రైలు పైకప్పు ఎక్కి వచ్చారని ఎవరూ అనుకోరు. అక్కడ ‘మీద’ అన్నది పైభాగాన్ని సూచించడం లేదు, ప్రయాణం దేని ఆధారంగా సాగిందో చెబుతోంది. బస్సు విషయంలో ఇంగ్లీషు ‘ఆన్’ చేసే పని కూడా దాదాపు ఇదే. వాడికి ఇది చెప్పండి, సగం చిక్కు విడిపోతుంది.

మిగతా సగం చిక్కు ‘ఇన్’ అంటే లో, ‘ఆన్’ అంటే మీద అని మొదట్లో నేర్చుకున్న లెక్కతో వచ్చింది. పెట్టెలో పుస్తకం, బల్ల మీద పుస్తకం దాకా ఆ లెక్క చక్కగా సరిపోతుంది. వాహనాల దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు వేరే ప్రశ్న వేస్తుంది. మనిషి లోపల ఉన్నాడా, బయట ఉన్నాడా అన్నది దానికి ముఖ్యం కాదు. ఎక్కిన తరువాత ఆ మనిషి లేచి నిలబడి నడవగలడా అన్నదే ముఖ్యం.

కారు ఎక్కేటప్పుడు ఏం జరుగుతుందో నెమ్మదిగా గమనించండి. తలుపు తీస్తాం, తల వంచుతాం, సీటులో ఒదిగి కూర్చుని కాళ్లు లోపలికి తీసుకుంటాం. ఇక నిలబడే వీలు లేదు. ముందు సీటులోంచి వెనక సీటుకు మారాలంటే కిందికి దిగి, ఇంకో తలుపు తీసి మళ్లీ ఎక్కాలి. కారు మనిషిని నాలుగు వైపులా కమ్ముకుని ఉంటుంది. అందుకే దానికి ‘ఇన్’. బస్సులో అలా కాదు. మెట్టెక్కగానే కాళ్ల కింద నడవడానికి వీలైన చదునైన నేల తగులుతుంది. నిటారుగా నడుచుకుంటూ ఖాళీ సీటు వెతుక్కుంటాం, దొరక్కపోతే నిలబడే ప్రయాణం చేస్తాం. ఇంగ్లీషు దృష్టి ఆ నేల మీద ఉంది. అలా నడవడానికి నేల ఉన్న వాహనాలన్నిటికీ ‘ఆన్’ వాడతారు. రైలు, ట్రామ్, మెట్రో, ఓడ, ఫెర్రీ, పెద్ద విమానం అన్నీ ఈ కోవలోకే వస్తాయి.

సైకిలు, మోటారు సైకిలు, స్కూటరు, గుర్రం సంగతి తేలిక. వాటి పైన కూర్చుంటాం కాబట్టి తెలుగులో ‘మీద’, ఇంగ్లీషులో ‘ఆన్’. ఇక్కడ రెండు భాషలూ ఒకే దారిలో నడుస్తాయి కనుక మనవాళ్లు పెద్దగా తడబడరు. అంటే ‘ఆన్’ రావడానికి రెండు కారణాలు ఉన్నాయన్నమాట: కాళ్ల కింద నడిచే నేల ఉండడం, లేదా వాహనం పైన కూర్చోవడం. ఈ రెండూ లేకుండా మనిషిని తనలో కూర్చోబెట్టి బిగించేసేది ఏదైనా ‘ఇన్’. ఆటో, టాక్సీ, జీపు, అంబులెన్సు, హెలికాప్టర్, లారీ డ్రైవరు కూర్చునే క్యాబిన్ అన్నీ ‘ఇన్’ కిందికే వస్తాయి. వ్యాను, మినీబస్సు లాంటివి సరిహద్దులో ఉన్నాయి. వాటికి రెండూ వినిపిస్తాయి, రెండూ తప్పు కావు.

కొన్ని చోట్ల దీన్ని ఇంకోలా నేర్పుతారు: అందరూ ఎక్కేవాటికి ‘ఆన్’, సొంత వాహనాలకు ‘ఇన్’ అని. ఈ సూత్రాన్ని వదిలేయమని గట్టిగా చెబుతాను. టాక్సీ ఎవరైనా ఎక్కవచ్చు, అయినా ‘ఇన్ ఎ టాక్సీ’ అనే అంటారు. ఒక ధనవంతుడి సొంత యాట్ (విలాసాల కోసం వాడే పెద్ద పడవ) లోకి బయటివాళ్లు అడుగైనా పెట్టలేరు, అయినా అది ‘ఆన్ ఎ యాట్’. సొంత జెట్ విమానానికీ అంతే. యజమాని ఎవరన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. బస్సులూ రైళ్లూ అందరివీ కావడం, వాటికి నడిచే నేల ఉండడం కలిసిరావడం వల్ల ఆ సూత్రం నిజంలా కనిపిస్తుంది. టాక్సీ దగ్గరికి వెళ్లగానే విరిగిపోతుంది.

ఇక పడవలు, ఓడలు. ఈ విషయంలో అన్నిటికన్నా అందమైన భాగం ఇదే. పడవ అనే ఒక్క మాట కింద ఎన్నో రకాలు ఉన్నాయి కనుక ఇంగ్లీషులో ‘ఇన్ ఎ బోట్’, ‘ఆన్ ఎ బోట్’ రెండూ సరైనవే. తెడ్డు వేసుకుంటూ వెళ్లే చిన్న పడవలో నడుమెత్తు గోడల మధ్య దిగబడి కూర్చుంటాం, లేచి నిలబడితే పడవ ఒరిగిపోతుంది. అది ‘ఇన్’. కనూ, కయాక్ లూ అంతే. డెక్కు ఉండి అటూ ఇటూ తిరగగలిగే పెద్ద పడవ అయితే ‘ఆన్’. తెప్పకు గోడలే ఉండవు, దుంగల పైన కూర్చోవడమే, కాబట్టి అదీ ‘ఆన్’.

ఈ తేడా అంతా ఒకే రాత్రిలో కనిపించే సంఘటన ఒకటుంది. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ మంచుకొండను ఢీకొంది. అప్పటిదాకా ప్రయాణికులు ‘ఆన్ ద టైటానిక్’ ఉన్నారు. ఓడకు 20 లైఫ్‌బోట్లు ఉన్నాయి. వాటిలోకి దిగగలిగినవాళ్లు ‘ఇన్ ద లైఫ్‌బోట్స్’ అయ్యారు, ఎందుకంటే అవి పక్కపక్కనే ఇరుక్కుని కూర్చునే చిన్న పడవలు. ఓడ మునిగే వేళ ఆ లైఫ్‌బోట్లలోనే ఉన్న మడత పడవల్లో ఒకటి బోర్లా పడింది. కొందరు నీళ్లలోంచి ఈదుకుంటూ వచ్చి దాని అడుగుభాగం పైకి ఎక్కి, తెల్లవారేదాకా ప్రాణాలు నిలబెట్టుకున్నారు. ఓడ సెకండ్ ఆఫీసరు చార్లెస్ లైటోలర్ వాళ్లలో ఒకరు. వాళ్ల గురించి చెప్పేటప్పుడు ‘ఆన్ ఏన్ ఓవర్‌టర్న్‌డ్ బోట్’ అంటారు. అక్కడ ‘ఇన్’ అంటే అర్థమే మారిపోతుంది, పడవ లోపలి భాగం నీళ్ల కిందే ఉంది కదా. ఉదయం కార్పేథియా ఓడ వచ్చి 700 మందికి పైగా కాపాడింది. వాళ్లు మళ్లీ ‘ఆన్ ద కార్పేథియా’. ఒక మనిషి కొన్ని గంటల్లో ఆన్ నుంచి ఇన్ కూ, ఇన్ నుంచి ఆన్ కూ మారాడు. వ్యాకరణ పుస్తకం ఏదీ ఇంత స్పష్టంగా చూపించలేదని నా నమ్మకం. మీ అబ్బాయికి ఈ కథ చెప్పండి, సూత్రం ఒక్కసారికే గుర్తుండిపోతుంది.

ఓడకు ‘ఆన్’ రావడం వెనక ఇంకో సంగతి కూడా ఉంది. పాత ఇంగ్లీషులో ‘బోర్డ్’ అంటే చెక్క పలక, ఓడ పక్కగోడ కూడా. ‘ఆన్ బోర్డ్’, ‘ఎబోర్డ్’, ‘ఓవర్‌బోర్డ్’ అన్నీ అక్కడి నుంచి పుట్టినవే. తరువాత వచ్చిన వాహనాలు ఓడ మాటలను చాలావరకు అరువు తెచ్చుకున్నాయి. విమానంలో కెప్టెన్, క్రూ, కేబిన్ అన్నీ ఓడ నుంచి వచ్చినవే. విమానానికి కుడివైపును ఇప్పటికీ ఓడలాగే ‘స్టార్‌బోర్డ్’ అంటారు. బస్సుకూ, రైలుకూ, విమానానికీ ‘బోర్డింగ్’ అనే మాట మనకూ అలవాటే. అందుకే ఏదైనా వాహనానికి ‘ఎబోర్డ్’ అతుకుతుందేమో చూడండి. అతికితే ‘ఆన్’ కూడా అతుకుతుంది. ‘ఎబోర్డ్ ద ట్రైన్’ సహజంగా ఉంది. ‘ఎబోర్డ్ ద కార్’ చెవికే ఎబ్బెట్టుగా ఉంటుంది.

విమానాల్లోనూ పరిమాణాన్ని బట్టి మాట మారుతుంది. వందల మంది ఎక్కే విమానం ‘ఆన్’. ఇద్దరు మాత్రమే పట్టే శిక్షణ విమానంలో కారులోలాగే ఒదిగి కూర్చోవాలి కనుక ‘ఇన్’ అంటారు. 1903 డిసెంబరు 17న, విమానం కనిపెట్టిన రైట్ సోదరుల్లో ఒకరైన ఆర్విల్ రైట్ 12 సెకన్లు ఎగిరినప్పుడు కూర్చోనే లేదు, కింది రెక్క మీద బోర్లా పడుకుని నడిపాడు. అక్కడైతే ‘ఆన్’ అక్షరాలా నిజం.

అంతరిక్షంలో కూడా ఈ తేడా పోలేదు. 1969 జులైలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడి పైకి దిగింది ‘ఇన్ ద లూనార్ మాడ్యూల్’, అది ఇరుకైన గది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి మాత్రం ‘ఆన్’. 2000 నవంబరు నుంచి అక్కడ మనుషులు ఎడతెరిపి లేకుండా ఉంటూనే ఉన్నారు. తేలుతూ తిరిగే ఆ చోట నేల ఏది, పైకప్పు ఏది అని చెప్పలేం. అయినా ‘ఆన్’ అనే అంటారంటే, దాన్ని ఇంగ్లీషు ఒక పెద్ద ఓడగా చూస్తోందన్నమాట.

ఇప్పుడు మీ టీచరుగారి ఎర్ర సిరా సంగతి. ‘ఇన్ ద బస్’ అన్నది ఎక్కడ రాసినా తప్పేనా అంటే, కాదు. ఫోనులో ‘ఐ యామ్ ఆన్ ద బస్’ అంటే బస్సులో ప్రయాణిస్తున్నాను, దారిలో ఉన్నాను అని అర్థం. అదే ‘ఇట్ వాజ్ వెరీ హాట్ ఇన్ ద బస్’ అంటే బస్సు లోపలి గాలి వేడిగా ఉందని. ఆగి ఉన్న బస్సును లోపల ఊడ్చే మనిషి గురించి చెప్పాలంటే ‘ఇన్ ద బస్’ చక్కగా సరిపోతుంది. ప్రయాణం ముఖ్యమైతే ‘ఆన్’, లోపలి చోటు ముఖ్యమైతే ‘ఇన్’. బ్రిటిష్ ఇంగ్లీషులో ‘ఇన్ ద ట్రైన్’ అనేవాళ్లు కూడా ఉన్నారు. మీ అబ్బాయి రాసిన వాక్యంలో తండ్రి ప్రయాణంలో ఉన్నాడనే తోస్తుంది కనుక ‘ఆన్’ మేలు. టీచరు దిద్దింది సరైనదే. పరీక్షలో కూడా బస్సు, రైలు, విమానం, ఓడ కనిపిస్తే ‘ఆన్’ రాయమనండి. కానీ అది ఘోరమైన తప్పేమీ కాదని కూడా వాడికి తెలియాలి. ఎదుటివాడికి అర్థమయ్యే మాటకు భయపడి నోరు మూసుకునే పిల్లల్ని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

నిజంగా జాగ్రత్త పడవలసిన తప్పు దీనికి తిరగేసినది. ‘ఆన్ ద బస్’ నేర్చుకున్న ఉత్సాహంలో కొందరు ‘ఆన్ ద కార్’ అంటారు. ‘ద క్యాట్ ఈజ్ ఆన్ ద కార్’ అంటే పిల్లి కారు పైకప్పు మీదో, ముందు రేకు మీదో కూర్చుందని. ‘మై మదర్ ఈజ్ ఆన్ ద కార్’ అని రాస్తే మీరు అక్కడే ఉన్నట్టు! ‘ఇన్ ద బస్’ అన్నప్పుడు అర్థం చెడదు, ‘ఆన్ ద కార్’ అన్నప్పుడు చెడుతుంది. వాడు గట్టిగా పట్టుకోవలసింది దీన్ని.

నౌకాదళంలో మాత్రం ఒక ప్రత్యేకమైన ఆచారం ఉంది. బ్రిటిష్ రాయల్ నేవీలో పనిచేసినవాళ్లు ఫలానా యుద్ధనౌకలో పనిచేశామని చెప్పడానికి ‘ఆన్’ బదులు ‘ఇన్’ వాడతారు. అది వాళ్ల సంప్రదాయం. జలాంతర్గామికి కూడా రెండు మాటలూ వింటాం. బయటివాళ్లు ‘ఇన్ ఎ సబ్‌మెరైన్’ అంటారు, దానిలోనే నెలల తరబడి తిరిగే సిబ్బంది ‘ఆన్’ అంటారు. ఇలాంటివి చూసి సూత్రం అబద్ధం అనుకోవద్దు.

ఎక్కడం, దిగడం దగ్గర మన తెలుగు చాలా పొదుపరి. కారు ఎక్కినా, ఓడ ఎక్కినా, గుర్రం ఎక్కినా ఒకటే క్రియ. దిగేటప్పుడూ అంతే. ఇంగ్లీషులో రెండు జతలు ఉన్నాయి. ‘ఇన్’ వాడే వాహనాలకు ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్ ఆఫ్’. ‘ఆన్’ వాడేవాటికి ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. మొదటి మాట కుదిరితే రెండోది దానంతటదే వస్తుంది. మనవాళ్లు ఎక్కువగా వాడే ‘గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్’ను ఇంగ్లీషు సొంత భాష అయినవాళ్లు వింటే, ఎవరో చెట్టు పైనుంచో, నిచ్చెన పైనుంచో దిగుతున్నట్టు తోస్తుంది. ‘గెట్ ఆఫ్ ద బస్’ అనండి. ‘ఎంటర్ ఇంటూ ద కార్’ కూడా వదిలేయండి, ‘గెట్ ఇంటూ ద కార్’ చాలు.

మీ మెయిల్ దగ్గరికి వద్దాం. ‘బై’ ఏ వాహనమన్నది చెప్పదు, ఏ పద్ధతిలో అన్నది మాత్రమే చెబుతుంది. ‘బై కార్’, ‘బై బస్’, ‘బై ట్రైన్’ అన్నప్పుడు ఏ కారు, ఎవరి బస్సు అన్న ఊసే లేదు. కనుకనే ‘బై’కీ వాహనానికీ మధ్య ‘ఎ’, ‘ద’, ‘మై’ లాంటివి మామూలుగా రావు, బహువచనమూ రాదు. ‘మై’ అనగానే అది ఒక ఫలానా కారు అయిపోయింది, ‘బై’ పక్కకు తప్పుకోవాలి. ‘ఐ విల్ కమ్ ఇన్ మై కార్’ అని రాయండి. మీ వారు మోటారు సైకిలు మీద వస్తే ‘ఆన్ హిజ్ బైక్’. ఫలానా బండి ఏదో చెప్పనక్కర్లేదు అనుకుంటే ‘బై కార్’ ఒక్కటే చాలు. ‘బై ఎ కార్’ అయితే మరీ జాగ్రత్త. ఆ మాట ఎక్కువగా వినిపించేది ప్రమాద వార్తల్లో, ‘హిట్ బై ఎ కార్’ అంటూ. ‘బై ఎయిర్’, ‘బై సీ’, ‘బై రోడ్’, ‘బై రైల్’ అన్నీ ‘బై కార్’ లాగే పద్ధతిని చెప్పే మాటలు. నడిచి రావడానికి మాత్రం ‘బై వాక్’ అనే మాట ఇంగ్లీషులో లేదు. ‘ఆన్ ఫుట్’ అనాలి, అంతకంటే హాయిగా ‘ఐ వాక్డ్’ అనేయవచ్చు.

వాహనం లోపలి చోట్లకు ఇంకో నాలుగు మాటలు. కారు వెనక సీటులో కూర్చుంటే ‘ఇన్ ద బ్యాక్’. బస్సు చివరి వరుసల్లో అయితే ‘ఎట్ ద బ్యాక్’. మోటారు సైకిలు వెనక కూర్చుంటే ‘ఆన్ ద బ్యాక్’. బస్సు పైకప్పు మీద సామాను నిజంగానే పైన ఉంది, కాబట్టి ‘ఆన్ ద రూఫ్’.

ఇక లిఫ్టు. అందులో నిలబడతాం నిజమే కానీ నడవడానికి చోటుండదు, నాలుగు గోడల పెట్టె అది. బ్రిటిష్ వాళ్లు ‘ఇన్ ద లిఫ్ట్’ అంటారు. అమెరికన్లు దాన్ని ఎలివేటర్ అని పిలిచి ‘ఇన్’, ‘ఆన్’ రెండూ వాడతారు. ఎస్కలేటరు కదిలే మెట్లే కనుక ‘ఆన్’. చక్రాల కుర్చీ చేతుల మధ్య మనిషి ఒదిగి కూర్చుంటాడు కాబట్టి ‘ఇన్ ఎ వీల్‌చెయిర్’. చేతులున్న పెద్ద కుర్చీకి ‘ఇన్ ఏన్ ఆర్మ్‌చెయిర్’ అనీ, ఏ ఆసరా లేని స్టూలుకు ‘ఆన్ ఎ స్టూల్’ అనీ ఇంట్లో వాడేవాటికి కూడా ఇదే తేడా ఉంది. స్ట్రెచర్ మీద మనిషిని పడుకోబెడతారు కనుక ‘ఆన్ ఎ స్ట్రెచర్’. ఆ స్ట్రెచర్‌ను ఎక్కించాక రోగి ‘ఇన్ ద అంబులెన్స్’ అవుతాడు.